మోకాలికి 20 శాతం రాశారు, పెన్షన్ మాత్రం నిల్ అన్నారు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆత్మకూరు_బస్టాండు
అందరికీ నమస్కారం. ఒక కేసు గురించి అడుగుతున్నా. ఆర్టిలరీ లాన్స్ నాయక్. 2004లో చేరి, 17 ఏళ్ళ టర్మ్స్ (ఒప్పుకున్న సర్వీసు కాలం) పూర్తయి 2021లో వచ్చేశాడు. లో మెడికల్ క్యాటగిరీ, అంటే పూర్తి ఫిట్ కాదు, కాబట్టి రెండేళ్ళ ఎక్స్‌టెన్షన్ ఇవ్వలేదు. 2013లో యూనిట్‌లో ఉండగా కుడి మోకాలు తిరిగి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు) తెగింది, ఆపరేషన్ చేశారు. వచ్చేటప్పుడు రిలీజ్ మెడికల్ బోర్డు 20 శాతం ఫర్ లైఫ్ అని రాసింది. సర్వీసు పెన్షన్ వస్తా ఉంది. డిజబిలిటీకి మాత్రం అర్హత లేదని రికార్డ్స్ (జవాన్ల సర్వీసు కాగితాలు ఉండే ఆఫీసు) నుంచి ఒక పేజీ లెటరు వచ్చింది. అప్పుడు అప్పీలు చేయలేదు. చేతిలో డిశ్చార్జి బుక్కు, ఆ లెటరు, మొన్న నెల్లూరు పెద్దాసుపత్రిలో తీసుకున్న సదరం సర్టిఫికెట్టు ఉన్నాయి. సదరంలో 40 శాతం పడింది. దాన్ని పెట్టి మళ్ళీ అప్లై చేస్తే సరిపోద్దా?

పార్ట్‌టూ_ఆర్డర్
సదరం పక్కన పెట్టండి. అది రాష్ట్రం ఇచ్చే పింఛనుకీ, రాయితీలకీ పనికొస్తుంది. మిలిటరీ పెన్షన్‌కి మిలిటరీ మెడికల్ బోర్డు వేసిన శాతమే లెక్క. జిల్లా ఆసుపత్రి డాక్టరు 40 వేసినా 80 వేసినా రికార్డ్స్‌లో దాన్ని ఫైలుకి ట్యాగ్ కట్టి వదిలేస్తారు.

అసలు మీకు శాతంతో తగాదానే లేదు. టర్మ్స్ పూర్తయి వచ్చినవాళ్ళకి కనీసం 20 ఉండాలి, ఉంది. తేలాల్సింది ఆ దెబ్బకీ సర్వీసుకీ ఉన్న సంబంధం. అది లెటర్లో కనపడదు. ఆర్‌ఎంబీ (రిలీజ్ మెడికల్ బోర్డు) ప్రొసీడింగ్స్, అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16, పార్ట్ ఫైవ్ తెరవాలి. మొదటి పట్టీలో జబ్బు పేరు, పక్కన మూడు గళ్ళు ఉంటాయి: సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, సర్వీసుతో సంబంధమే లేదా. ఆ తర్వాతి గడిలో కారణం. కాస్త కిందికొస్తే శాతాల పట్టీ. అందులో అసలు శాతం ఒక గడి, పెన్షన్‌కి లెక్కలోకొచ్చే నికర శాతం చివరి గడి. ముందు 20 అని ఉండి చివర నిల్ అని ఉందంటే, పైన మూడో గడిలో ఎస్ పడినట్టే. మనవాళ్ళు దీన్ని పొట్టిగా నానా అంటారు, నైదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ ఆగ్రవేటెడ్. పేరుకు తగ్గట్టే నానా తిప్పలు.

ఆ కాగితం చూడకుండా అప్పీలు రాయొద్దు. దేనికి జవాబు చెప్తున్నామో తెలియకుండా రాసినట్టు అవుతుంది.

ఎంఐ_రూమ్
పైన చెప్పింది కరెక్టు. ఒకటి కలపాలి. జబ్బు అయితే సంబంధం ఉందా లేదా అన్నది మెడికల్ బోర్డు అభిప్రాయం. గాయం అయితే బోర్డు సొంతంగా తేల్చదు, యూనిట్ ఇచ్చిన ఇంజరీ రిపోర్టు మీద నడుస్తుంది. ఆ ఫారం పేరు ఐఏఎఫ్‌వై-2006. కేసు సగం అక్కడే గెలుస్తారు, సగం అక్కడే పోగొట్టుకుంటారు.

అందులో పై భాగం మెడికల్ ఆఫీసరు రాస్తాడు: ఏ అవయవం, ఏ వైపు, గాయం స్వల్పమా తీవ్రమా. మిగతాది కమాండింగ్ ఆఫీసరు భాగం: ఎప్పుడు, ఎక్కడ, ఏ పరిస్థితిలో, డ్యూటీలో ఉన్నాడా, తప్పెవరిది. తీవ్రమైన గాయమైతే దీనితోపాటు కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ కూడా జరగాలి, దాని మీద పై ఫార్మేషన్ కమాండర్ రిమార్కు ఉంటుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు చిన్నవే గానీ తర్వాత ప్రాణం తీస్తాయి. కుడి కాలు ఎడమ కాలైపోవడం. ఎంఐ రూమ్ (యూనిట్‌లో వైద్యం చేసే గది) రిజిస్టర్లో ఒక తేదీ, రిపోర్టులో ఇంకో తేదీ. అన్నిటికన్నా ఎక్కువగా, పరిస్థితి రాసిన ఒక్క మాట. "బాస్కెట్‌బాల్ ఆడుతుండగా" అని రాస్తే సొంత సరదాకి ఆడినట్టు చదువుకుంటారు. "యూనిట్ గేమ్స్ పరేడ్‌లో" అని రాస్తే డ్యూటీ. పీటీ, బీపీఈటీ (ఫిట్‌నెస్ పరీక్ష), అబ్‌స్టకల్ కోర్సు, పై అధికారుల ఏర్పాటుతో జరిగిన ఆటలు అన్నీ డ్యూటీ కిందికే వస్తాయి. దెబ్బ ఎట్ట తగిలింది?

ఆత్మకూరు_బస్టాండు
సాయంత్రం గేమ్స్‌లో వాలీబాల్. ఇంజరీ రిపోర్టు రాశారనే అంటున్నాడు, కాపీ లేదు.

పార్ట్‌టూ_ఆర్డర్
అయితే ఆర్టీఐ. నాసిక్ రోడ్ క్యాంపులో ఉన్న ఆర్టిలరీ రికార్డ్స్, అక్కడి సీపీఐఓ (ఆర్టీఐకి జవాబిచ్చే అధికారి) పేరున. ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డరు చాలు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. జవాబుకి గడువు 30 రోజులు. "నా కేసు వివరాలు ఇవ్వండి" అని రాస్తే డిశ్చార్జి బుక్కులో ఉన్నదే మళ్ళీ పంపిస్తారు. పేరు పెట్టి అడగాలి:

ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అన్ని పేజీలు. 2013 నుంచి జరిగిన ప్రతి క్యాటగరైజేషన్ బోర్డు (మెడికల్ క్యాటగిరీ తేల్చేది), అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15లు. ఇంజరీ రిపోర్టు. కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ జరిగి ఉంటే దాని ఫైండింగ్స్, రిమార్కులు. ఆసుపత్రిలో చేరిన, బయటికొచ్చిన తేదీలకి పబ్లిష్ అయిన పార్ట్ టూ ఆర్డర్లు (జవాను సర్వీసులో జరిగినవి నమోదు చేసే ఉత్తర్వులు). క్లెయిమ్ తోసిపుచ్చిన ఫైలు నోటింగ్.

ఆర్మీ నంబరు, ర్యాంకు, డిశ్చార్జి తేదీ పైన రాసి ఆధార్ కాపీ జతచేయండి. వేరేవాళ్ళ మెడికల్ కాగితాలు అడిగారని తిప్పి పంపే ఛాన్సు లేకుండా అర్జీ మీద ఆయనే సంతకం పెట్టాలి. మీరు పెట్టొద్దు.

పెన్షనర్ల సర్వీసు డాక్యుమెంట్లు 50 ఏళ్ళు దాస్తారు, పెన్షన్ లేకుండా వచ్చినవాళ్ళవి 25 ఏళ్ళే. ఈయనవి ఉంటాయి. యూనిట్ కాగితాల సంగతి అట్ట కాదు, అందుకే ముందు రికార్డ్స్‌నే పట్టుకోవాలి.

వెలిగొండ_వాగు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మోకాలు ఇప్పుడు ఇంకా చెడిపోయి ఉంటుంది గదా. రీసర్వే బోర్డు (శాతాన్ని మళ్ళీ పరీక్షించే బోర్డు) అడిగి శాతం పెంచుకుంటే పెన్షన్ కూడా పెరగదా? చెన్నై మిలిటరీ ఆసుపత్రి నెల్లూరికి దగ్గరే, పినాకిని ఎక్కితే అయిపోద్ది.

పెన్నా_ఇసుక
అబ్బయ్యా, ఆ పని చేయొద్దు. ఎందుకో లెక్క చూడండి.

డిజబిలిటీ ఎలిమెంటు, అంటే పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం, 100 శాతానికి చివరి ఎమాల్యుమెంట్స్‌లో 30 శాతం. ఎమాల్యుమెంట్స్ అంటే బేసిక్, ఎంఎస్‌పీ (మిలిటరీ సర్వీస్ పే), ఇంకా క్లాసిఫికేషన్ అలవెన్సు లాంటివి. మొత్తం 40,000 అనుకోండి. 100 శాతానికి 12,000. 20 శాతానికి 2,400. ఇప్పుడు బ్రాడ్ బ్యాండింగ్ పడుతుంది: 50 లోపు ఎంతున్నా 50గా, 50 నుంచి 75 దాకా 75గా, 76 నుంచి పైన 100గా. కాబట్టి 2,400 కాస్తా 6,000 అవుతుంది, దాని మీద డీఆర్ (డియర్‌నెస్ రిలీఫ్) వేరే.

చూశారా? 20 ఉన్నా 40 ఉన్నా ఇదే 6,000. రీసర్వేకి పోయి 40 తెచ్చుకుంటే ఒక్క రూపాయి పెరగదు. అక్కడ డాక్టరు మోకాలు బాగానే వంగుతోందని 15 వేశాడంటే మొత్తం పోద్ది. ఫర్ లైఫ్ అని రాసిన శాతాన్ని మళ్ళీ పరీక్షించాల్సిన పనిలేదని 2001లోనే రక్షణశాఖ ఉత్తర్వులు ఇచ్చింది, తనకు తానుగా అడిగితే తప్ప. అడగొద్దు.

బ్రాడ్ బ్యాండింగ్ మొదట్లో ఇన్వాలిడ్ అయి (వైద్య కారణాలతో సర్వీసు మధ్యలోనే) బయటికొచ్చినవాళ్ళకే ఇచ్చేవాళ్ళు. టర్మ్స్ పూర్తి చేసుకుని వచ్చినవాళ్ళకీ ఇవ్వాల్సిందేనని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డిజబిలిటీ ఇప్పటికే తీసుకుంటున్నవాళ్ళు కూడా ఒకసారి పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) తీసి చూసుకోండి, శాతం 20 దగ్గరే ఆగిపోయి ఉంటే అడగాల్సింది ఇదే.

ఎంఐ_రూమ్
సాబ్ చెప్పింది నిజమే, ఒక్క మినహాయింపు. శాతం 40ల చివర్లో ఉండి, తర్వాత నిజంగా కీలు మార్పిడి దాకా పోయినవాళ్ళు అడగొచ్చు, 50కి చేరితే 75కి పోద్ది. రెండు మూడు గాయాలున్నవాళ్ళు మాత్రం శాతాలు నేరుగా కూడుకోవద్దు. 30, 20 ఉంటే కాంపోజిట్ (అన్నీ కలిపి వేసే శాతం) 50 రాదు, తక్కువే వస్తుంది.

గూడూరు_లోకో
సెలవుల్లో ఊరొచ్చినప్పుడు బైకు మీద పడితే?

పెన్నా_ఇసుక
క్లుప్తంగా: సెలవు మంజూరై ఉండటం ఒక్కటే సరిపోదు, పనికీ సర్వీసుకీ లంకె కావాలి. సెలవులో బంధువుల ఇంట్లో పడిన జవాను కేసు 2015లో విజయ్ కుమార్ తీర్పులో పోయింది. యూనిట్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి యూనిట్‌కి వారెంటు (ఆర్మీ ఇచ్చే ప్రయాణ పత్రం) మీద నేరుగా వస్తూ పోతూ ఉండగా జరిగితే డ్యూటీ కింద వాదన నిలబడుతుంది. వారెంటు, టికెట్టు, ఎఫ్‌ఐఆర్‌లో ఉన్న చోటు, మూడూ ఒకే దారిలో ఉండాలి. కావలి దగ్గర హైవే మీద జరిగితే ఒకటి, సంతకి పోయొస్తా జరిగితే ఒకటి.

కనిగిరి_గుట్ట
ఉగ్రవాదుల కాల్పుల్లో తగిలిన బుల్లెట్ గాయానికీ ఇదే లెక్కా?

పార్ట్‌టూ_ఆర్డర్
కాదు, అది వార్ ఇంజరీ. టర్మ్స్ పూర్తి చేసి వచ్చినవాళ్ళకి 100 శాతానికి 30 బదులు 60. దానికి బ్యాటిల్ క్యాజువాల్టీగా పబ్లిష్ అయిన పార్ట్ టూ ఆర్డరు కావాలి. దానికి వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ కలిస్తే గందరగోళం.

ఒంగోలు_గిత్త
అందరూ మర్చిపోయే పని ఒకటి. స్పర్శ్ (పెన్షన్ల పోర్టల్)లో పేరు, ఆధార్‌లో పేరు, రికార్డ్స్‌లో పేరు ఒకటేనా? మన వైపు ఇది పెద్ద జబ్బు. చేరినప్పుడు రిక్రూటింగ్ ఆఫీసులో ఇంటిపేరు చివర పెట్టి విడదీసి రాస్తారు, ఆధార్‌లో ముందు ఒక్క అక్షరమే ఉంటుంది. పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఒకటి, ఆధార్‌లో జనవరి 1. రేపు అప్పీలు గెలిచినా ప్రయాగ్‌రాజ్ పీసీడీఏ (రక్షణశాఖ పెన్షన్ల అకౌంట్స్ ఆఫీసు)లో సవరించిన పీపీఓ వచ్చేటప్పుడు అక్కడ ఇరుక్కుంటుంది. రికార్డ్స్‌లో మార్చడం కన్నా ఆధార్‌ని రికార్డ్స్‌కి తగ్గట్టు మార్చుకోవడం సులువు. ఆర్టీఐ జవాబు వచ్చేలోపు ఇది చేసేయండి.

ఇంకోటి, జిల్లాలు మారిన 2022 తర్వాత కందుకూరు వైపు వాళ్ళు ఒంగోలు సైనిక సంక్షేమ కార్యాలయానికి పోవాలా, నెల్లూరుదా అని తిరుగుతా ఉంటారు. మీ ఎక్స్‌సర్వీస్‌మెన్ కార్డు ఎక్కడ నమోదైందో అక్కడికే పోండి. అప్పీలు ఆ ఆఫీసు ద్వారా ఫార్వర్డ్ చేయించుకోవచ్చు, నేరుగా పంపినా చెల్లుతుంది. నేనైతే నేరుగా స్పీడ్ పోస్టులో పంపి ఒక కాపీ వాళ్ళకిస్తాను. పైసా అడగకుండా చేసే పనిది. బస్టాండు పక్కన "ఎరియర్స్‌లో 20 శాతం" అని బోర్డు పెట్టుకున్నవాళ్ళ దగ్గర సంతకం చేసిన ఖాళీ కాగితం మాత్రం వదలొద్దు.

ఆత్మకూరు_బస్టాండు
రెండు నెలలకి ఆర్టీఐ జవాబు వచ్చింది, 38 పేజీలు. మీరు చెప్పిన గళ్ళు చూశాను. ఆట్రిబ్యూటబుల్ నో. ఆగ్రవేటెడ్ నో. నాట్ కనెక్టెడ్ ఎస్. కారణం గడిలో "ఇంజరీ రిపోర్ట్ నాట్ హెల్డ్" అని చేత్తో రాశారు. శాతం 20, చివరి గడిలో నిల్ ఫర్ లైఫ్. సొంత నిర్లక్ష్యమా అన్న చోట నో. ఆపరేషన్‌కి నిరాకరించాడా అన్న చోట కూడా నో. ఇంజరీ రిపోర్టు అడిగినదానికి "అందుబాటులో లేదు" అన్నారు.

ఎంఐ_రూమ్
ఆ 38 పేజీల్లో 2014వి, 2015వి ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15లు ఉన్నాయా? ఉంటే వాటిలోనూ ఆట్రిబ్యూటబుల్ గడి ఉంటుంది. మొట్టమొదటి బోర్డులో ఏం రాశారు?

ఆత్మకూరు_బస్టాండు
ఉంది! 2014 ఫిబ్రవరి బోర్డు. ఆట్రిబ్యూటబుల్ దగ్గర "ఎస్", పక్కన "వైడ్ ఐఏఎఫ్‌వై-2006" (అంటే ఆ ఇంజరీ రిపోర్టు ప్రకారం) అని, తేదీ కూడా ఉంది, 2013 నవంబరుది. 2016 బోర్డులోనూ ఎస్సే. 2021లో నో అయింది.

పార్ట్‌టూ_ఆర్డర్
మీ కేసు ఆ ఒక్క లైన్లో ఉంది. ఇంజరీ రిపోర్టు లేకపోవడం వేరు, పుట్టకపోవడం వేరు. రెండు మిలిటరీ బోర్డులు ఎస్ అన్నాయి, మొదటిది ఆ రిపోర్టు తేదీ కూడా వేసింది. 2021 బోర్డు దగ్గర కాగితం లేదు కాబట్టి నో అంది, వైద్యపరంగా కారణం ఏమీ చెప్పలేదు. కాగితం దాచాల్సింది జవాను కాదు.

పెన్నా_ఇసుక
అప్పీలు దీని మీదే కట్టాలి. మోకాలు ఎంత నొప్పి, ఇల్లు ఎట్ట గడుస్తోంది అని రెండు పేజీలు రాసేవాళ్ళున్నారు. అప్పీలు చూసే కమిటీకి అది అక్కర్లేదు. వరసగా తేదీలు చాలు: చేరినప్పుడు షేప్-వన్ (పూర్తి ఫిట్), మోకాలికి సంబంధించి ఏ నోటూ లేదు. గాయం తేదీ. ఆసుపత్రిలో చేరిన తేదీ, పార్ట్ టూ ఆర్డరు నంబరు. 2014 బోర్డు, 2016 బోర్డు. 2021 బోర్డు, దాని కారణం గడిలో ఉన్న నాలుగు మాటలు ఉన్నవి ఉన్నట్టు. చేరినప్పుడు ఏ నోటూ లేకపోతే, తర్వాత వచ్చిన వైకల్యం సర్వీసు వల్లేనని అనుకోవాలి, కాదని చూపించాల్సిన భారం వాళ్ళదేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ తీర్పు. అది ఒక్క పేరాలో చాలు. ఈయన 2021లో వచ్చాడు కాబట్టి 2008 ఎంటైటిల్‌మెంట్ రూల్స్ వర్తిస్తాయి. 2023 సెప్టెంబరు 21 తర్వాత వచ్చినవాళ్ళకి కొత్త రూల్స్, వాళ్ళు ఈ అప్పీలు కాపీ కొట్టొద్దు.

ఫస్ట్ అప్పీలుకి గడువు లెటరు వచ్చిన 6 నెలలు. దాటింది, కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని విడిగా ఒక పేజీ పెట్టండి. మెడికల్ ప్రొసీడింగ్స్ కాపీ ఆర్టీఐలో ఇప్పుడే చేతికొచ్చిందని ఆ పేజీలో రాసి, జవాబు తేదీ వేయండి. అది తోసిపుచ్చితే మళ్ళీ 6 నెలల్లో సెకండ్ అప్పీలు.

వెలిగొండ_వాగు
నేరుగా ఏఎఫ్‌టీకి, అదే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి, పోతే ఏం? అప్పీళ్ళంటే ఏళ్ళు పట్టిద్ది గదా.

పెన్నా_ఇసుక
పోవచ్చు, వెనక్కి పంపిస్తారు. ఉన్న అప్పీలు దారి వాడుకోకుండా వస్తే మామూలుగా తీసుకోవద్దని ఏఎఫ్‌టీ చట్టం 21వ సెక్షన్‌లోనే ఉంది. అదే సెక్షన్ ఇంకో సౌకర్యం ఇచ్చింది: అప్పీలు పెట్టి 6 నెలలు గడిచినా జవాబు రాకపోతే దారి అయిపోయినట్టే లెక్క. అందుకే స్పీడ్ పోస్టు రసీదు, డెలివరీ ట్రాకింగ్ ప్రింటు ఆ రోజే తీసి దాచాలి. ట్రాకింగ్ కొన్నాళ్ళకి సైట్లో కనపడదు. మన ఆంధ్రాకి చెన్నై బెంచి.

ఎరియర్స్ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. 2008 తార్సేమ్ సింగ్ తీర్పు చూపించి చాలా ఆర్డర్లలో కేసు వేసిన తేదీకి ముందు 3 ఏళ్ళకే కుదించారు. అంటే ఈయనకి ఆలస్యమైన ప్రతి నెలా, పైన అనుకున్న లెక్కన, 6,000 పైచిలుకు పోతున్నట్టు.

లాయరుకి ఇవ్వడానికి డబ్బు లేకపోతే, నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) 2025లో మొదలుపెట్టిన వీర్ పరివార్ సహాయత యోజన కింద సైనిక బోర్డుల దగ్గర న్యాయసహాయ క్లినిక్‌లు పెడుతున్నారు. నెల్లూరు సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఎంఐ_రూమ్
ఇంజరీ రిపోర్టు లేదన్నారు కాబట్టి ఊరుకోవద్దు. ఆపరేషన్ జరిగిన మిలిటరీ ఆసుపత్రికి విడిగా ఆర్టీఐ పెట్టి కేస్ షీటు, డిశ్చార్జి స్లిప్పు అడగండి. చేరేటప్పుడు డాక్టరు చరిత్ర రాసే చోట "గేమ్స్ పరేడ్‌లో గాయం" అని ఒక లైను ఉంటుంది. గాయమైన మొదటి రోజుల్లో డాక్టరు రాసుకున్న మాట అది, ఎవరూ కాదనలేరు. అప్పటి యూనిట్‌కి కూడా ఒక లెటరు రాసి, 2013 నవంబరు నాటి ఐఏఎఫ్‌వై-2006 ఆఫీస్ కాపీ అడగండి. బోర్డులో కనపడిన తేదీ వేసి అడిగితే వెతికేవాడికి దారి దొరుకుద్ది.

ఆత్మకూరు_బస్టాండు
సరే అన్నా. 2014 బోర్డు కాపీలో ఆ లైను మసకగా పడింది, స్కెచ్‌తో గీత పెట్టి పంపమంటారా?

పార్ట్‌టూ_ఆర్డర్
ఆర్టీఐలో వచ్చిన కాపీ మీద పెన్సిల్ కూడా పెట్టొద్దు. దాని జిరాక్సే పంపండి, అసలు మీ దగ్గరే ఉండాలి. ఆ లైను అప్పీలులో టైపు చేసి "ఎన్‌క్లోజర్ 4, పేజీ 2, పైనుంచి మూడో గడి" అని రాయండి. మసకగా ఉన్న పేజీకి మాత్రం స్పష్టంగా కనపడే సర్టిఫైడ్ కాపీ కావాలని అదే సీపీఐఓకి ఈవారమే ఇంకో 10 రూపాయల అర్జీ వేయండి. అది వచ్చేదాకా అప్పీలు ఆపొద్దు.